పొద్దుటి మొదటి నీళ్లు

అక్క ఇంటి నీళ్లలో సీసం లీటరుకు ఒక్క మైక్రోగ్రాము. పది దాటకూడదు. ఆ అంకె చూసి నీళ్ల డాక్టరు హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆమె వైద్యం చేసే డాక్టరేమీ కాదు. ల్యాబులో తాగునీటిలోని లోహాలను కొలుస్తుంది, అంతే. ఆ బిరుదు బావ తగిలించాడు.

అక్క అద్దెకు దిగిన ఇల్లు పాతది, గొట్టాలు అంతకంటే పాతవి. నాలుగు నెలల బాబు డబ్బాపాల మీద ఉన్నాడు. సీసానికి రుచీ లేదు, రంగూ లేదు. పసివాళ్ల మెదడును మాత్రం చాటుగా తినేస్తుంది. అందుకే ఆమె అక్క చేతికి ఒక సీసా ఇచ్చి, రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లే పట్టాలని, ముందు ఒక్క చుక్క కూడా పారబోయొద్దని కాగితం అంటించింది. పాత గొట్టాల సీసం నిలిచిన నీళ్లలోకే ఎక్కువగా దిగుతుందని మాత్రం రాయలేదు. బాలింతను బెదరగొట్టడం ఎందుకనుకుంది.

ఆదివారం శుభవార్త మోసుకుని వెళ్లింది. అక్క బాబును ఆమె ఒళ్లో పెట్టి మురిసిపోయింది.

"బాగుండక ఏం చేస్తాయే? కుళాయి పది నిమిషాలు వదిలేసి పట్టాను. నిలవ నీళ్లు పంపితే మీ ఆఫీసులో నీ పరువేం కాను?"

నీళ్ల డాక్టరుకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చెల్లెళ్లు రాసిన కాగితాలు అక్కలు ఎప్పుడు చదివారు గనక.

"మరి వీడికి పొద్దున్నే పాలు ఏ నీళ్లతో కలుపుతున్నావు?"

"ఐదింటికల్లా గుక్కపట్టి ఏడుస్తాడు. పది నిమిషాలు ఆగుతాడా? తిప్పగానే పట్టి కాచేస్తాను."

"కాచినా సీసం పోదక్కా."

బాబు పాలకు అప్పటికప్పుడు సీసా నీళ్లు తెప్పించింది. ఆ రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారకముందే, ఎవరూ కుళాయి ముట్టకముందే తనే నమూనా పట్టింది. మధ్యాహ్నానికి అంకె వచ్చింది. నలభై మూడు. నమ్మబుద్ధి కాక మళ్లీ కొలిచింది. అదే నలభై మూడు.

అక్కకు ఫోనులో చెప్పింది.

"అంటే, మంచి నీళ్లు నీకు పంపి, ఆ నిలవ నీళ్లు వాడికి పట్టాను."

"తప్పు నాదక్కా. ఎందుకో చెప్పకుండా సీసా చేతిలో పెట్టాను."

"ఆ సంగతి తర్వాత చూసుకుందాం," అంది అక్క. "వాడి రక్తం ఎక్కడ పరీక్ష చేస్తారో చెప్పు. ఈసారి నువ్వు చెప్పినట్టే చేస్తాను."