నిచ్చెనకు ముద్ర అక్కర్లేదు

పాతికేళ్ల వయసులో నేను పని ఎంచుకున్న పద్ధతి విని మా వాళ్లు నవ్వారు. ఏ పనిలో ఎంత వస్తుందని నేను చూడలేదు. ఏ పనికి ప్రభుత్వం గడప తొక్కనక్కర్లేదో అదే చూశాను. అప్పటికి మా అన్నయ్య టీ కొట్టు పెడదామని ఒక్క కాగితం కోసం ఏడు నెలలు తిరిగి, చెప్పులు అరగదీసుకుని, చివరికి కొట్టు ఊసే మానేశాడు. అది కళ్లారా చూశాక, ముద్ర అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. బండి తోలాలంటే లైసెన్సు. మందులమ్మాలంటే లైసెన్సు. ఆఖరికి తూకం రాళ్లకు కూడా ముద్ర వేయించుకోవాలి. వెతగ్గా వెతగ్గా నిచ్చెన దొరికింది. చెక్క నిచ్చెన చేసి అమ్ముకుంటే ఎవడూ ఏమీ అడగడు.

పని నేర్పింది మా మామగారు. ఆయనకో ఛాదస్తం ఉండేది. నిచ్చెన ఇచ్చే ముందు కొన్నవాడి ఎదుటే ఎక్కి, ప్రతి మెట్టు మీదా రెండు గెంతులు గెంతేవారు. "పడితే ముందు చేసినవాడే పడాలిరా" అనేవారు. ఆయన పోయాక నేనూ కొన్నేళ్లు గెంతాను. తర్వాత పొట్ట వచ్చింది, మోకాళ్లు పట్టేశాయి, చూసేవాళ్లు నవ్వుతున్నారనిపించింది. మానేశాను. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు.

ఈ మధ్య మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. లిఫ్టులు, క్రేన్లు, వాటి తాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో పరీక్షించే ప్రభుత్వ ఆఫీసులో. చేరుతుందో లేదో శుక్రవారంలోగా చెప్పాలి. నెల రోజులుగా నేను దాని చెవిలో జోరీగలా ఒకటే పోరు. "పోయి పోయి వాళ్లలో కలుస్తావా? నాతో రా. ఇక్కడ నువ్వే రాణివి, నువ్వే మంత్రివి."

"చూద్దాంలే నాన్నా" అనేది. మెత్తబడుతోందని లోలోపల సంబరపడ్డాను.

బుధవారం పొద్దున కబురొచ్చింది. గోడలకు రంగులు వేసే ఆయన, అందరం రంగులాయన అంటాం, పని చేస్తూ నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడట. రెండు నెలల కిందట నా దగ్గర కొన్న నిచ్చెన. చూడ్డానికి బయల్దేరితే అమ్మాయి కూడా వస్తానంది.

ఒకటే గది. మంచం మీద కాలు కదలకుండా కట్టేసి ఉంది. కిటికీ గట్టు మీద కుంచెలు ఆరిపోయి బిరుసెక్కాయి. నన్ను చూసి ఆయన లేవబోయి మూలిగాడు.

"రండి అన్నగారూ. తప్పంతా నాదే. తొందరలో అడుగు తప్పాను."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎదుటి మనిషి మంచాన పడి ఉంటే నాకు ప్రాణం లేచి రావడమేమిటి? చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

నిచ్చెన మూల ఆనించి ఉంది. పైనుంచి మూడో మెట్టు విరిగింది. ఏ చోట విరిగిందో దూరం నుంచే పోల్చుకున్నాను. ఆ కర్రలో పెద్ద ముడి ఉండేది, ముడి చుట్టూ చీలిక. పారేయాల్సిన కర్ర. రంపపు పొట్టులో జిగురు కలిపి చీలికలో కూరి, పైన వార్నిష్ కొట్టాను.

ఆయన భార్య మంచినీళ్లు తెచ్చింది. "ఒకసారి ఆ కర్ర చూడండి అన్నయ్యగారూ..."

"నా కర్రలో లోపం ఉండదమ్మా!" అన్నాను. ఆవిడ లోపమన్న మాటే ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. సర్దుకుని, "నేను పట్టుకెళ్లి కొత్త మెట్టు వేసి తెస్తాను. ఊరికేనే" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ జోడించింది. "మీలాంటి వాళ్లు ఉండబట్టే అన్నయ్యగారూ" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నిచ్చెన ఎత్తాను. సాక్ష్యం ఇల్లు దాటితే చాలనుకున్నాను.

ముందు కొస నేను, వెనక కొస అమ్మాయి పట్టుకున్నాం. విరిగిన మెట్టు దాని కళ్లెదుటే ఉంది. సందు మలుపులో అది ఆగి నిచ్చెన కింద పెట్టింది.

"ఇందులో రంపపు పొట్టు ఉంది నాన్నా."

"మెల్లగా మాట్లాడు."

"ఎవరూ అడగరనే కదా ఈ పని పట్టావు? నేను చేరుతున్నాను. ఇక అడగడమే నా ఉద్యోగం. ముందు నిన్నే అడుగుతున్నా, చెప్పు."

చిన్నదానివి చిన్నదానిలా ఉండమని కసురుదామనుకున్నాను. దారిన పోయేవాళ్లు నిచ్చెన దాటుకుంటూ విసుక్కుంటున్నారు. కన్నకూతురి ముందు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చివరికి వంగి నిచ్చెన ఎత్తి, వచ్చిన దారినే తిరిగాను.

గుమ్మంలోంచే చెప్పాను. "మీ అడుగు తప్పలేదు. ఆ మెట్టు పనికిరాదని నాకు తెలుసు. తెలిసే పొట్టు పెట్టి కప్పాను."

ఆయన భార్య చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. ఆయన పైకప్పు వంక చూస్తూ అన్నాడు.

"తెలుసు అన్నగారూ. గోడల పగుళ్లకు పుట్టీ పెట్టి కప్పేదే నా బతుకు. నాకు కనపడదా? కింద పడున్నప్పుడే చూశాను."

"మరి అడుగు తప్పానన్నారు?"

"పక్కన అమ్మాయి ఉంది కదా అని."

ఆయన నన్ను బండబూతులు తిట్టినా బాగుండేది. భూమి చీలితే బాగుండునని ఎందుకంటారో ఆ గదిలో తెలిసింది.

"సరే, నా సంగతి వదిలేయండి. ఇట్లాంటివి ఇంకా ఎన్ని ఇచ్చారు?" అన్నాడాయన.

నాకు తెలియదు. ఎవరికి ఏ నిచ్చెన ఇచ్చానో ఏనాడూ రాసి పెట్టుకోలేదు. అమ్మాయి నా పక్కకు వచ్చి సంచీలోంచి పెన్ను తీసింది.

"గుర్తున్నంత వరకు చెప్పు నాన్నా."

"కరెంటు పని చేసే అన్నదమ్ములకు ఒకటి" అన్నాను. "తోటవాళ్లకు రెండు." తర్వాతది నోటి దాకా వచ్చి ఆగింది.

"చెప్పు నాన్నా."

"బడికి ఒకటి" అన్నాను. "పై అరల్లో పుస్తకాలు తీసుకోవడానికి పిల్లలు ఎక్కుతారు."