చెయ్యి తగలకముందే

కాస్త దగ్గరికి జరగండర్రా, ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

పొద్దుటి నుంచీ లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడి ఇస్త్రీ చేసిన మనిషి ఆమె. పిక్కలు గుంజుతున్నా తిన్నగా కరాటే బడికే వచ్చింది. ఓవర్‌టైం డబ్బులన్నీ తనకూ చెల్లెలికీ ఇక్కడి ఫీజుకే సరి. అయినా ఏనాడూ బాధపడలేదు. ఆమె జ్వరంతో పడుంటే వండి పెట్టింది ఈ బడివాళ్లే మరి. పుట్టిల్లనుకోండి.

ఇక్కడ మాస్టరు అరచెయ్యి ఎత్తితే చాలు, ఎంతటివాడైనా వెల్లకిలా పడాల్సిందే. అందరికీ అదే గొప్ప.

చెల్లెలిదీ ఆ లాండ్రీలోనే పని. నిన్న గోదాములో సూపర్‌వైజరు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మాస్టరు నేర్పినట్టే తిప్పానక్కా. 'ఏంటమ్మాయ్, డాన్సా?' అని నవ్వాడు. ఎవరో తలుపు తీశారు కాబట్టి బతికిపోయాను."

మణికట్టు నల్లగా కమిలింది. అక్క మనసులో మాత్రం, చెవిలో చీమ దూరినట్టు, అనుమానం దూరింది. ఈరోజు ఆమె మాస్టరు చేతిని చూడలేదు, పడేవాళ్ల మోకాళ్లను చూసింది. శిష్యుల్లో అందరికన్నా సీనియరైన వ్యాన్ డ్రైవరు మోకాళ్లు, చెయ్యి రాకముందే వంగాయి.

నీళ్ల కుళాయి దగ్గర అతన్ని పట్టుకుంది.

"అన్నా, నా మీద ఒట్టు. ఆయన చెయ్యి నీకు తగిలిందా?"

"తగిలేదాకా ఆగుతారేంటి? ముందే పడాలి. మర్యాద. నాకూ అప్పటి సీనియరే చెప్పాడు."

"మరి ఆ సూపర్‌వైజరుకి ఈ మర్యాద ఎవరు నేర్పుతారన్నా?"

"మెల్లగా! ఇక్కడ చాపలకి కూడా చెవులుంటాయి."

మాస్టరుకు ఇది తెలుసా? లేక పాపం, ఆయనా నమ్మేశాడా? ఆలోచన తెగకముందే పిలుపొచ్చింది. వెళ్లి చాప మీద ఎదురుగా నిలబడింది. అరచెయ్యి లేచింది. అలవాటు పడ్డ మోకాళ్లు వాటంతటవే వంగబోయాయి. కాలివేళ్లు చాపలో గుచ్చి బిగబట్టింది.

"పడమ్మా," అన్నాడు మాస్టరు, పెదవి కదపకుండా.

తెలుసన్నమాట!

"తొయ్యండి మాస్టారూ," అంది అందరికీ వినబడేలా. "నిజంగా తొయ్యండి. ఎలా కాచుకోవాలో నేర్చుకుంటాం."

డ్రైవరు తల దించుకున్నాడు. వెనక వరుసలోంచి చెల్లెలు లేచి నిలబడింది, కమిలిన చేత్తో.

మీ ఇంటి ఆడపిల్లలకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి, మరిచిపోకండి. మాస్టరు చెయ్యి చివరికి తోసిందా, దిగిందా అనడిగితే నాకూ తెలీదనండి. ఆమె మాత్రం పడలేదని చెప్పండి.