బుఖూర్ పొగ సోకిన సౌండు కార్డు

బుఖూర్ ధూపం పొగ కంప్యూటరు గొంతు నులిమేసిందని అరబ్బు ఊరు జహ్రాలోని ఆ ఇంట్లో యజమానురాలు మొదలు కారు డ్రైవరు దాకా అందరూ నమ్మారు. గురువారం సాయంత్రం పనిమనిషి రెడ్డెమ్మ ధూపపాత్ర పట్టుకుని గదిగదికీ తిరిగింది. పాత కంప్యూటరు దగ్గర కాసేపు ఆగింది. శుక్రవారానికల్లా అది మూగబోయింది. పనివాళ్లు మామా అని పిలిచే యజమానురాలు రోజూ అందులోంచి వినేది కాలం చేసిన భర్త రికార్డు చేసిన గొంతు. రెడ్డెమ్మను ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా ఇక పొడిగించననీ, ఆదివారమే విమానం ఎక్కిస్తాననీ ఆమె తేల్చేసింది.

షువైఖ్‌లో ముప్పై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న సిద్ధయ్యకు శనివారం కబురందింది. మోకాళ్లు సహకరించడం లేదు. అయినా వచ్చాడు.

"నేనే సంపినా అన్నా దాని గొంతు," అంది రెడ్డెమ్మ గుమ్మంలోనే నిలబడి. "పొగ యాడికైనా దూరుతాది."

"దూరనీలేమ్మా. ఉక్కిరిబిక్కిరి అయ్యేదానికి దానికేం ముక్కుందా?" మూత విప్పాడు. లోపల ఏళ్లనాటి దుమ్మే తప్ప మసి జాడ లేదు. "ఆ గురువారం ఈ ఇంట్లో ఇంకేం జరిగింది?"

"ఏముందన్నా. పొద్దున మామా కొడుకు దీంట్లో కొత్త సిస్టం ఏసి ఆఫీసుకు పోయినాడు."

"ఏసినంక ఎవురన్నా మోగించి సూసినారా?"

రెడ్డెమ్మ ఆలోచించింది. "లేదు. మామా ఆ పొద్దు సెల్లెలింట్లో ఉన్నింది. శుక్రవారమే దీని ముందర కూసునింది."

"మరి నేరం పొగకే ఎందుకు కట్టిరి?"

"పొగ నాది గదన్నా."

సిద్ధయ్య నవ్వలేదు, నవ్వే ఓపిక లేదు. సౌండు కార్డును బయటికి తీసి, కళ్లజోడు పైకి జరిపి, అది ప్రాసెసర్‌కు కబురు పంపే గీత ఎన్నో నంబరుదో చూశాడు. కార్డు తిరిగి పెట్టి, సిస్టానికి గుండెకాయ లాంటి కెర్నెల్ అమరికల్లో, కార్డు కబురు ఏ గీత మీద వినాలో చెప్పే ఒకే ఒక్క అంకె మార్చాడు. మార్చిన కెర్నెల్‌ను మళ్లీ తయారు చేసుకోవడానికి ఆ ముసలి యంత్రానికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ ఆయన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. రెడ్డెమ్మ తెచ్చిన పాలు లేని సులేమానీ చాయ్ చల్లారిపోయింది.

"మామాకు ఏం సెప్తావన్నా?"

"ఉండేదే సెప్తా."

"నమ్మకపోతే?"

"సెవులున్నాయి గదా, ఇంటాదిలే."

యంత్రం మళ్లీ లేచింది. ఒక ముసలాయన గొంతు అరబీలో భార్యను చాయ్‌కి పిలిచింది. మామా వచ్చి, నిలబడే రెండుసార్లు విన్నది.

"పొగంతా తుడిచావా?" అని వచ్చీరాని ఉర్దూలో అడిగింది.

సిద్ధయ్య తల అడ్డంగా ఊపి, కాగితం మీద రెండు అంకెలు రాసి చూపించాడు. ఆమె కొడుక్కి ఫోన్ చేసి, ఏ అంకె పెట్టావని అడిగింది. అతను చెప్పిన అంకెను కాగితం మీది అంకెలతో పోల్చి చూసి, "రెడ్డెమ్మా, ఆదివారం విమానం ఖలాస్, నువ్వు పోనక్కర్లేదు," అని లోపలికి వెళ్లిపోయింది.

కార్డు మీద ఉన్నది ఏడో గీత. గురువారం పొద్దున కొడుకు వేసిన కెర్నెల్‌లో రాసి ఉన్నది ఐదు.