గోడ వెనక నీళ్ళు

రాజులమ్మకు కావలసిందల్లా కారు తిరగడానికి ఇంత చోటు. అరకులోయ నుంచి హుకుంపేట పోయే దారి పక్కన, కొండవాలులో హోంస్టే గదులు కట్టింది, రంగులు వేయించింది, బోర్డు పెట్టించింది. అన్నీ ఉన్నాయి, కానీ కారు పైకి రావాలంటే కింద కనక కళ్ళంలోంచే రావాలి. కనక ఆవిడ తోడికోడలు. మొగుడు పోయాక కూతురు సోనితో కళ్ళం పక్కన రేకులింట్లో ఉంటోంది. ఆ చోటు అమ్మమని ఎన్నిసార్లు అడిగినా ససేమిరా అంది.

"కాపీ గింజలెక్కడ ఆరబెట్టుకోమంతావక్కా, నీ నెత్తిమీదా?" అని నలుగురిలో అనేసింది కూడా. ఆ మాట రాజులమ్మ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

గదులున్న నేల కిందికి జారకుండా, కళ్ళానికి ఎగువన నిలువెత్తు రాతిగోడ కట్టించింది. కొలతలు ఇచ్చిన శివకుమార్ అనే కుర్ర ఇంజినీరు మట్టి పిడికిట్లో నలిపి చూపించాడు.

"ఉత్త బంకమన్నండీ ఇది. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలేస్తుంది. అందుకే గోడ వెనక కంకర పోయించి, అడుగున ఈ గొట్టాలు పెట్టించాను. వాన నీళ్ళు వీటిలోంచే బయటికి పోవాలి. ఇవి మూసుకుపోయాయంటే ఎంత లావు గోడైనా ముందుకు పడిపోతుంది. ఎవర్నీ ముయ్యనివ్వకండి."

"అలగే బాబూ" అంది రాజులమ్మ. ఒకసారి విన్న మాట మరిచిపోయే మనిషి కాదు ఆవిడ.

కాఫీ కోతల వేళ జల్లు పడింది. గొట్టాల్లోంచి బురదనీళ్ళు బుడబుడమని వచ్చి ఆరబోసిన గింజల్ని ముంచేశాయి. కనక తిట్టిన తిట్లు ఊరంతా విన్నది.

"నా కళ్ళం ఏటి, నీ మురిక్కాలవనుకున్నావా? ఆ బొక్కలు బేగి మూయించు, నేకపోతే నానే మూసేత్తాను!"

ఒక్క ముక్క చెబితే సరిపోయేది. మూయకే, గోడ నీ మీదే పడుతుంది అని. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది, రాజులమ్మ మింగేసింది. గోడ విరిగి కళ్ళంలో పడితే కనక హడలిపోయి చోటు వదిలేస్తుంది, గోడదేముంది, మళ్ళీ కట్టుకోవచ్చు అనుకుంది. ఎంత చల్లగా ఆలోచించిందో చూడండి మహాతల్లి! అక్కడితో ఆగిందా? పనివాళ్ళు మిగిల్చిన సిమెంటు బస్తాను ఆ సాయంత్రమే గోడ చివరికి ఈడ్చి, కనక చేతికందే చోట వదిలేసి లోపలికి పోయింది.

పొద్దున చూస్తే గొట్టాల నిండా గుడ్డపీలికలు కుక్కి, పైన సిమెంటు మెత్తి ఉంది. కనక ఇటు తల తిప్పకుండా చేతులు రుద్దిరుద్ది కడుక్కుంటోంది. రాజులమ్మకు నవ్వొచ్చింది.

తర్వాత తుపాను పట్టింది. ముసురు వదలనంటే వదలలేదు. గోడ నడుం దగ్గర ఉబ్బింది, రాళ్ళ మధ్య వేలు దూరేంత బీట తేలింది. అప్పుడు మాత్రం రాజులమ్మ ఇంట్లో ఆగలేకపోయింది, అబద్ధమెందుకు. గొడుగు పట్టుకుని గబగబా మెట్లు దిగింది. కింద సోని గోడ వారనే, టార్పాలిన్ ఎత్తి, కాఫీ గింజలు బస్తాలో పోస్తోంది.

"ఏటి పెద్దమ్మా, ఇంత వానలో వొచ్చీసినావు?" అంది ఆ గుంట నవ్వుతూ.

ఇవతలికి రాయే అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అంటే, ఎందుకని సోని అడుగుతుంది. నీకెలా తెలుసని కనక అడుగుతుంది. తెలిసీ మూసిననాడే ఎందుకు చెప్పలేదని ఊరంతా అడుగుతుంది.

"ఏటీ నేదే. మీయమ్మేదీ?"

"ఇంట్లో ఉంది. పిలవనా?"

"వొద్దులే, మల్లీ వొత్తాను."

మెట్లెక్కి, గుమ్మంలో గొడుగు ముడుస్తూండగా గోడ పడింది.

రాళ్ళూ బంకమన్నూ తీసి సోనిని బయటికి లాగేసరికి ప్రాణం లేదు. మర్నాడు శివకుమార్ వచ్చి, మూసిన గొట్టాలు చూసి, నీళ్ళు పోయే దారి లేకే గోడ పడిందని అందరి ముందూ చెప్పాడు. కనక నెత్తి బాదుకుంటూ వచ్చి రాజులమ్మ కాళ్ళు పట్టేసుకుంది.

"నానే మూసినానక్కా! నీ సిమెంటు దొంగతనం సేసి నా గుంటని నానే సంపీసుకున్నాను. నాకీ సోటొద్దు, నువ్వే తీసీసుకో. నీ గోడ పాడుసేసిన పాపం నాకొద్దక్కా!"

అప్పటికైనా నోరు విప్పి ఉంటే మనిషి అనిపించుకునేది. రాజులమ్మ వంగి, తోడికోడల్ని లేవదీసి, గుండెకు హత్తుకుంది.

"ఊరుకోయే. తెలీక సేసినావు. నానేటీ అనుకోను."

ఎంత పెద్ద మనసో అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

ఇప్పుడు గోడ మళ్ళీ లేచింది. కళ్ళంలోంచి కార్లు పైకి పోతున్నాయి. కనక ఆ గదులే ఊడుస్తుంది. జీతం ఇస్తానన్నా పుచ్చుకోదు, తప్పు తీర్చుకుంటున్నానంటుంది. వాన పడితే చాలు, ఎవరూ చెప్పకుండానే సన్నటి కర్ర పట్టుకుని పరుగెత్తి, ఒక్కో గొట్టం పొడిచి నీళ్ళు వదులుతుంది. రాజులమ్మ గుమ్మంలో నిలబడి చూస్తుంది.

"ఆ సివర్ది కూడా పొడిసీయే" అంటుంది.