కూర్మారావు పొయ్యిలో దయ్యం

కూర్మారావు ఇంటి పొయ్యికి మూడు రాళ్ళు. మూడూ జపాను వెళ్ళవలసినవి.

బైలదిల్లా కొండ మీద ఇనప ఖనిజం నింపుకున్న గూడ్సు బండ్లు మా ముందు నుంచే విశాఖపట్నం రేవుకు పోయేవి. అక్కడి నుంచి ఖనిజం ఓడల్లో జపానుకు. మలుపులో పెట్టె ఊగితే ఒకటో రెండో రాళ్ళు కింద పడేవి. కొబ్బరికాయంత రాయి ఎత్తబోతే నడుం పట్టేసేది, అంత బరువు. వాటిని ముట్టుకోకూడదని మాకు ఆర్డరు. ఇంట్లో ఒక్క రాయి దొరికినా దొంగతనం కేసు. ఉద్యోగం ఊడినట్టే.

గీదం దాటాక లైను పక్కన ఆరు గ్యాంగు క్వార్టర్లు ఉండేవి. ఒకదాంట్లో కూర్మారావు, వాడి భార్య చిన్నమ్మి, తల్లి తాతమ్మ. పక్కది మాది. నా పేరు యేసుపాదం, నా భార్య రత్నం. అందరం శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చినవాళ్ళమే.

ఆ రాళ్ళ గుణం కనిపెట్టింది కూర్మారావు. అవి ఒకసారి కాగితే ఓ పట్టాన చల్లారవు. పొద్దున్న గంజి వార్చి, నిప్పులు లాగేసి, చారు గిన్నె రాళ్ళ మధ్య దించి పోతే మధ్యాహ్నం దాకా పొగలు కక్కుతూనే ఉండేది. మా ఇంట్లోనూ అలాంటివి రెండున్నాయి. మూడోది మామూలు బండరాయి. మూడోదాన్ని తెచ్చే ధైర్యం నాకు చాలలేదు.

చింతపండు అమ్మే బుధ్రి ఒకరోజు కూర్మారావు వంటగదిలోకి తొంగి చూసింది. బూడిద చల్లగా ఉంది. చారు కుతకుతమంటోంది. మనిషి లేడు. అది గట్టిగా కేకేస్తే మా రత్నం పరుగెత్తింది. రాళ్ళ సంగతి చెప్పకూడదు. ఏదో ఒకటి, బుధ్రికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. "భూత్" అంది.

ఆ ఒక్క మాట గీదం సంతకెళ్ళింది. తిరిగొచ్చేసరికి దానికి కాళ్ళదాకా జుట్టు మొలిచింది. పదకొండు మందికి వండి పెడుతోంది. ఉప్పు మాత్రం వెయ్యడం లేదు.

తరవాతి ఆదివారం పాసింజరు దిగి రామ్మూర్తిగారు వచ్చారు. బచేలిలో, గని టైమాఫీసులో గుమస్తా. సెలవు రోజుల్లో దయ్యాలను శోధిస్తారు. చేతిలో నల్ల సంచీ. దాంట్లో దిక్సూచి, థర్మామీటరు, పౌడరు డబ్బా, చిన్న గంట. జేబులో మా పట్టాల ఇన్‌స్పెక్టరుగారు రాసిచ్చిన చీటీ. ఇన్‌స్పెక్టరు ఆయనకు తోడల్లుడు.

కూర్మారావు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా ఇంట్లో దయ్యం నేదండి."

"లేదని నువ్వెలా చెప్పగలవు?"

"ఉన్నది నానే కదండీ. నాకు కనబడనేదు."

"ఇంట్లో వాళ్ళకు కనబడదు. అదే దాని మొదటి లక్షణం."

"అయితే మీ ఇంట్లో మీకు కనబడతందా?"

"కనబడదు."

"మరైతే అక్కడ కూడా ఉన్నట్టే కదండీ."

రామ్మూర్తిగారు జేబులోంచి చీటీ తీసి చూపించారు. చీటీ చూశాక కూర్మారావు తప్పుకున్నాడు. తప్పుకుంటూ నా వైపు చూశాడు. నేను పట్టాల వైపు చూశాను.

"ఇప్పటికి పదకొండు ఇళ్ళు శోధించాను" అన్నారాయన లోపలికొచ్చి, నేల మీద పౌడరు చల్లుతూ. "ఎనిమిదింట్లో ఎలకలు. రెండింట్లో గుడ్లగూబలు. ఒకదాంట్లో ఇంటాయన తమ్ముడు. నిజమైనది ఒక్కటీ దొరకలేదు."

ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది. పాపం అనిపించింది.

పౌడరులో అడుగులు పడ్డాయి. మూడు వేళ్ళవి. ఆయన నోటుబుక్కు తీశారు. చిన్నమ్మి కోడిపెట్టను చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. ఆయన రాసింది కొట్టేశారు.

తరవాత దిక్సూచి తీశారు. దయ్యం ఉన్న చోటికి సూది తిరుగుతుందట. సూది ముందు పట్టాల వైపు చూసింది. "రైలు లెక్కలోకి రాదు" అన్నారు. పిమ్మట మూలనున్న గడ్డపార వైపు చూసింది.

"ఇంట్లో ఇనుమంతా బయట పెట్టండి."

"ఓలమ్మో!" అంది తాతమ్మ. మోకాళ్ళ నెప్పులతో ఎప్పుడూ గోడకు చేరగిలబడి ఉండేది. "ఇనుమున్న ఇంటికి దయ్యం రాదని కదా బాబూ, పురిటింట్లో మంచం కింద కత్తెట్టీది? తీసెత్తే వొచ్చీదా?"

"రావాలనే కదమ్మా నేనొచ్చింది."

కూర్మారావు గడ్డపార మోశాడు, పార మోశాడు, సుత్తి మోశాడు. చిన్నమ్మి అట్లపెనం, కత్తిపీట తెచ్చింది. ట్రంకుపెట్టె ఇద్దరం పట్టుకున్నాం. చిన్నమ్మి గాజులకున్న పిన్నీసులు కూడా తీయించారు. వాకిట్లో సంత పెట్టినట్టయింది. దారిన పోయేవాడెవడో ఆగి పెనం ధర అడిగాడు.

ఇంట్లో ఇనుమన్నది లేదు. రామ్మూర్తిగారు దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, గది మధ్య నిలబడ్డారు.

సూది వణికింది. మెల్లగా తిరిగింది. పొయ్యి దగ్గర ఆగింది.

ఆయన అటు నడిచారు, ఇటు నడిచారు. వంగారు, బోర్లా పడుకున్నారు. ఎటునుంచి చూసినా సూది పొయ్యినే చూస్తోంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పన్నెండో ఇల్లు" అన్నారు.

ఈ లోపల చిన్నమ్మికి ఒక ఆలోచన వచ్చింది. రాళ్ళు చల్లారితే గొడవ వదులుతుందనుకుని బిందెడు నీళ్ళు తెచ్చి పొయ్యి మీద గుమ్మరించింది. బుస్సుమని తెల్లటి ఆవిరి పైకప్పు దాకా లేచింది.

"రూపం! రూపం చూపించింది!" అని రామ్మూర్తిగారు గంట వాయించడం మొదలుపెట్టారు.

"ఏటి సేసినావే" అన్నాడు కూర్మారావు పళ్ళ సందు నుంచి.

"నువ్వు ఏటీ సెయ్యనేదని నాను సేసినాను" అంది చిన్నమ్మి.

గంట ఆపి రామ్మూర్తిగారు తన నిర్ణయం చెప్పారు. దయ్యం పొగచూరిన ఆ మూడు రాళ్ళనే పట్టుకుని ఉంది. వాటిని పెకలించి విశాఖపట్నంలో ప్రయోగశాలకు పంపాలి. తోడల్లుడు ఇంకాసేపట్లో ట్రాలీ మీద వస్తాడు, రాళ్ళు ఆ ట్రాలీ మీదే వేసుకుపోవచ్చు.

కూర్మారావు కింద కూర్చుండిపోయాడు. ఇన్‌స్పెక్టరుగారు ఆ లైనులో మొదటి పట్టా వేసిన రోజు నుంచి ఉన్న మనిషి. చీకట్లో తడిమినా ఇది ఖనిజమని చెబుతాడు. మూడు రాళ్ళంటే మూడు కేసులో, ఒక కేసో నాకు తెలియదు. ఒకటైనా చాలు. పక్కింట్లో వెతికితే ఇంకో రెండు దొరుకుతాయి.

దూరంగా ట్రాలీ చక్రాల చప్పుడు వినబడింది.

తాతమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకోకుండా ఆవిడ లేవడం నేను చూసింది ఆ ఒక్కసారే. పసుపు డబ్బా తీసుకుంది. నీళ్ళలో కలిపి మూడు రాళ్ళకూ దట్టంగా పూసింది. బిందెడు నీళ్ళకూ చల్లారని రాయికి తడి పసుపు చుయ్యిచుయ్యిమని అంటుకుంది. మూడింటికీ బొట్లు పెట్టి, వేళ్ళు ఊదుకుంటూ చెప్పింది.

"అది దయ్యం కాదు బాబూ. మా అత్త."

"అత్తా?"

"నరసమ్మ. మావఁ ఉండగానే పసుపు కుంకాల్తోటి పోయింది. పేరంటాలయి ఇంట్లో ఉన్నాది. కోడలి సారు సల్లారిపోతే ఊరుకోదు."

"మరి ఇంట్లో ఏమీ లేదన్నారు కదమ్మా?"

"దయ్యం నేదన్నాం. మా అత్తని దయ్యమంటే ఊరుకుంటాదేటి? బతికున్నప్పుడే ఊరుకోనేదు."

"అయినా సరే, రాళ్ళు పరీక్ష చెయ్యాలి."

"అట్టుకుపో. మాకేటి? ఎవలట్టుకుపోతే ఆలింట్లో ఉంటాది. వొంట సెయ్యదు, ముందే సెప్తన్నాను. పేర్లెడతాది."

రామ్మూర్తిగారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అప్పుడు ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. బూట్లతోనే వంటగదిలోకి నడిచారు. వాకిట్లో ఇనుమెందుకని అడగలేదు. పొయ్యి ముందు కూర్చుని, పసుపు అంటని చోట గోటితో గీకారు. గోటికి ఎర్రగా అంటింది.

"ఇదేంటి?"

"కుంకమండి" అంది చిన్నమ్మి.

ఆయన గోరు చూసుకున్నారు. కూర్మారావును చూశారు. వాడు పైకప్పు చూస్తున్నాడు. అప్పుడు నా వైపు తిరిగారు.

"యేసుపాదం, నువ్వు అబద్ధమాడవని మీ మేస్త్రీ అంటాడు. నువ్వు చెప్పు. ఇదేంటి?"

మేస్త్రీ అలా అనడానికి కారణం నేను మాట్లాడకపోవడమే. మాట్లాడనివాడికి అబద్ధాలాడే అవకాశం తక్కువ. చిన్నమ్మి కొంగు నోట్లో కుక్కుకుంది. గుమ్మంలో మా రత్నం మెడలోని సిలువ పట్టుకుని నిలబడింది.

"అమ్మోరండి" అన్నాను.

రత్నం "దేవా" అంది మెల్లగా.

"నువ్వు చర్చికి వెళ్తావు కదా?"

"ప్రతి ఆదివారం ఎల్తానండి."

"నువ్వే అమ్మవారంటున్నావంటే..." అని ఆయన ఆగారు. నమ్మారో, నమ్మితే సుఖమనుకున్నారో నేను చెప్పలేను. లేచి బయటికి వెళ్ళి, బూట్లు విప్పి, మళ్ళీ వచ్చి దణ్ణం పెట్టారు. ఆ తరవాత కూర్మారావు మీద విరుచుకుపడ్డారు.

"అమ్మవారి నెత్తిన చారు కాస్తావురా? బుద్ధుందా? రేపటినుంచి వంట బయట. ఈ రాళ్ళను ఎవడైనా ముట్టుకున్నాడంటే ఉద్యోగం తీయిస్తాను."

కూర్మారావు "సిత్తం" అన్నాడు. ఏడుపో నవ్వో తెలియని మొహంతో అన్నాడు.

రామ్మూర్తిగారు నోటుబుక్కులో పన్నెండో ఇంటి ఎదుట ఏదో రాసి కొట్టేశారు. "దేవతలు నా శాఖ కాదు" అన్నారు. సంచీ సర్దుకుని బయటికి నడిచారు. దిక్సూచి ఇంకా చేతిలోనే ఉంది. మా గుమ్మం ముందు ఆగిపోయారు.

సూది మా వంటగది వైపు తిరిగింది.

ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను.

"మీ ఇంట్లో కూడా అమ్మవారేనా?"

"మేం క్రైస్తవులమండి."

ఆయన సూది చూశారు. అప్పుడే వాగను బారు ఒకటి మా ముందునుంచి సాగింది. ఎర్రటి రాళ్ళు, అంచుల దాకా. ఆయన మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా చూశారు. దిక్సూచి మూత ఠక్కున మూశారు.

మా వంటగది వైపు తల తిప్పి అడిగారు. "ఎంతసేపు వేడిగా ఉంటుంది?"

"మధ్యాహ్నం దాకా ఉంటాదండి."

"నేను డ్యూటీ దిగి వెళ్ళేసరికి ఎప్పుడూ చల్లారిపోయిన చారే" అన్నారాయన. "పదిహేనేళ్ళుగా."

నేను లోపలికి వెళ్ళాను. దయ్యం కబురు పాకాక భయంతో వాకిట్లోనే వండుకుంటున్నాం, పొయ్యి వెలిగించి రెండు రోజులైంది, రాళ్ళు చల్లగానే ఉన్నాయి. ఒకదాన్ని పాత చీరముక్కలో చుట్టి తెచ్చి నల్ల సంచీలో దించాను. సంచీ ఎత్తబోయి ఆయన నడుం పట్టుకున్నారు. సాయానికి ట్రాలీ నెట్టేవాళ్ళను పిలిస్తే ఒక్కడూ ముట్టుకోలేదు. దయ్యాన్ని పట్టి సంచీలో వేశాడని వాళ్ళ భయం. నేనే మోసి ట్రాలీ మీద పెట్టాను.

"అంత బరువేంటి?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"సామగ్రి" అన్నారు రామ్మూర్తిగారు.

ఇన్‌స్పెక్టరుగారు ట్రాలీకి అటు చివర, సంచీ తగలకుండా, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

ఇప్పుడు చిన్నమ్మి వాకిట్లో బండరాళ్ళ మీద వండుతోంది. నెలకొకటి పగులుతుంది. తాతమ్మ పొద్దస్తమానం అత్త పక్కనే చేరగిలబడి, ఎవరూ చూడనప్పుడు కింద రెండు పుల్లలు పెట్టి మోకాళ్ళు కాచుకుంటుంది. మొక్కుల కొబ్బరికాయలు బాగానే వస్తున్నాయి.

పోయిన వారం రత్నం సంత నుంచి పరుగున వచ్చింది. "ఈసారి నాను ఏటీ అన్నేదు" అంది ముందే. బచేలిలో దయ్యాలు పట్టే ఆయన ఇంట్లోనే దయ్యం చేరిందట. మంట లేకుండా చారు కాస్తోందట. చూడడానికి జనం వస్తుంటే, ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి ఒకటే మాట అంటున్నారట.

"మా ఇంట్లో దయ్యం లేదండి."