నాలుగు గంటలేగా!

ఇంట్లో ఎవరికి ఏ లెక్క కావాలన్నా చిన్నదాన్నే పిలిచేవారు. నలుగురిలో నోరు విప్పమంటే తలుపు చాటుకు పోయే పిల్ల, లెక్క అనేసరికి ముందుకొచ్చేది. అందుకే అమ్మమ్మ విమానం టికెట్టు కూడా దాని చేతికే వచ్చింది. పరాయి దేశంలో ఉంటూ కాలికి ఆపరేషనైన పెద్దమ్మకు తోడుగా ఉండడానికి అమ్మమ్మ మొదటిసారి విమానం ఎక్కబోతోంది.

"బయల్దేరేది పొద్దున పదికి. దిగేది మధ్యాహ్నం రెండుకి. నాలుగు గంటలే!" అని చిన్నది తేల్చేసింది.

బస్సు నడిపే మామయ్య కాగితం లాక్కుని చూశాడు. "పదకొండు వేల కిలోమీటర్లని ఉందే. నాలుగు గంటల్లో ఎలా పోతుందే?"

"అది విమానం మామయ్యా, నీ బస్సు కాదు."

అందరూ పగలబడి నవ్వారు. మామయ్య కూడా నవ్వేశాడు. పదకొండు వేలను నాలుగుతో భాగించి చూడాలని దానికి తోచనే లేదు.

అమ్మమ్మ బెంగ వేరు. "అందులో బాత్రూము అగ్గిపెట్టెంత ఉంటుందటగా. తలుపు బిగుసుకుపోతే నా గతేంటే?"

"నాలుగు గంటలేగా అమ్మమ్మా! పొద్దున్నించి నీళ్ళు తాగకు, సరిపోతుంది."

ప్రయాణం రోజున, రెండున్నరకి రావలసిన ఫోను నాలుగైనా రాలేదు. అమ్మ చిన్నదాన్ని వెంటేసుకుని టికెట్ల దుకాణానికి పరుగెత్తింది.

"మా అమ్మ ఏమైపోయిందయ్యా?"

"ఇంకా దిగలేదమ్మా. ఇంకో ఏడు గంటలు పడుతుంది" అన్నాడు దుకాణం ఆయన. "టికెట్టు మీద దిగే టైము అక్కడి గడియారానిది. అది మనకన్నా తొమ్మిది గంటలు వెనక. మొత్తం పదమూడు గంటల ప్రయాణం."

"ఆ ముక్క ముందే చెప్పడానికి నోరు పడిపోయిందా?"

ఆయన చిన్నదాని వంక ఒక్కసారి చూసి ఊరుకున్నాడు. టికెట్టు ఇచ్చిన రోజే ఆయన చిన్నదానికి చెప్పాడు. మళ్ళీ అడిగితే నవ్వుతాడేమోనని, అర్థం కాకపోయినా అది తలూపి వచ్చేసింది.

పైన ఎక్కడో నోరెండిపోయి కూర్చున్న అమ్మమ్మ చిన్నదాని కళ్ళలో మెదిలింది.

"ఈయన చెప్పాడమ్మా. నేనే సరిగ్గా వినలేదు. నీళ్ళు తాగొద్దన్నదీ నేనే."

అమ్మ కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున ఫోను మోగింది. అమ్మ దాని చేతికే ఇచ్చింది. "నువ్వే చెప్పు."

అది నోరు తెరిచేలోపే అమ్మమ్మ అందుకుంది. "నాలుగు గంటలు కాగానే సంచీ సర్దుకుని లేచానే! విమానంలో పనిచేసే ఒక పిల్ల వచ్చి నీళ్ళిచ్చి, ఇంకా తొమ్మిది గంటలని వేళ్ళతో చూపించింది. మా మనవరాలి లెక్క తప్పదు, మీరే దారి తప్పారని దులిపేశాను. గ్లాసు కూడా తోసేశాను. చివరికి కళ్ళు తిరిగి పడితే ఆ పిల్లే తల పట్టుకుని తాగించింది."

"దారి తప్పలేదు అమ్మమ్మా. నా లెక్కే తప్పు."



"అయ్యో, ఎన్నేసి మాటలన్నానే ఆ పిల్లని! ఇప్పుడు ఎక్కడుందో ఏమో."

తప్పు నాదేనని చెబుదామన్నా చిన్నదానికి ఆ పిల్ల పేరు కూడా తెలియదు.