చెక్కగదికి కొత్త తాళం

రాదోమ్ ఊరి చివర, రైలు పట్టాల పక్కన, ఊరివాళ్లకు ముక్కలుగా పంచిచ్చే కమిటీ తోటల్లో బొజేనాకు ఒక ముక్క దొరికేసరికి ఆకులు రాలే కాలం వచ్చేసింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఉతికి నడుం పోగొట్టుకున్న మనిషి. నాలుగో అంతస్తు గదిలో ఒంటరిగా కూర్చుని, ఈ కాస్త మట్టి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఇది చేజారితే ఈ జన్మకు మరొకటి రాదని ఆమెకు బాగా తెలుసు.

మొదటి రోజు సగం మడి తవ్వేసరికే ఆయాసం వచ్చి, పారను ముక్కలో ఉన్న చిన్న చెక్కగది గోడకు ఆనించి ఇంటికి పోయింది. మర్నాడు చూస్తే మిగతా సగం తవ్వి ఉంది. గడ్డివేళ్లు దులిపి పక్కన కుప్ప పోసి ఉన్నాయి. ఆ తర్వాతి రోజు పెందలాడే వచ్చింది. చెక్కగదిలోంచి నెరిసిన గడ్డం మనిషి ఒకాయన బయటికి వస్తున్నాడు.

"భయపడకండమ్మా. నా పేరు అల్బిన్. ఈ ముక్క మొన్నటిదాకా నాదే. ఇల్లు పోయాక ఇందులోనే పడుకుంటున్నానని కమిటీవాళ్లు లాగేసుకున్నారు. పాత తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది."

"మరి నా మడెందుకు తవ్వావు?"

"ఊరికే పడుకుంటే ఏం బాగుంటుంది?"

అరవాల్సింది. పొమ్మనలేకపోయింది. ఆ రోజు నుంచి ఆమె సీసాలో క్యాబేజీ సూపు తెచ్చేది, అతను మడులు తవ్వేవాడు. ఒకసారి ఆమె వెల్లుల్లి రెబ్బలు గుచ్చుతుంటే పకపకా నవ్వాడు.

"తలకిందులుగా పెడుతున్నారు. మొలకలు చైనాలో లేస్తాయి."

"లేస్తే నువ్వే పోయి పీక్కురా."

ఎంతకాలానికో ఆమె కూడా నవ్వింది.

నవంబరు మొదట్లో వచ్చే పునీతుల పండుగ మర్నాడు కమిటీ పెద్ద రెగీనా గేటు దగ్గర ఆపింది.

"రాత్రిళ్లు మీ చెక్కగది గొట్టంలోంచి పొయ్యి పొగ వస్తోందట. ఆ అల్బిన్ సంగతి నాకు తెలీదనుకున్నారా? నాకూ జాలే ఉంది. ఇది తోటమ్మా, సత్రం కాదు. తాళం మార్చండి, లేదా ముక్క వదిలెయ్యండి."

బొజేనా బజారులో చవకరకం తాళం కొనుక్కొచ్చి, అల్బిన్ ఊళ్లోకి పోయిన సమయం చూసి తగిలించింది. ఎదురుపడి చెప్పే ధైర్యం ఏది? అతని బొంత లోపలే ఉండిపోయిందని బస్సెక్కాక గుర్తొచ్చింది. రేపిద్దాంలే, చర్చి సత్రానికి పోతాడులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ రాత్రే మొదటి గట్టి మంచు పడింది.

పొద్దున్నే వచ్చి చూస్తే తోటంతా తెల్లగా ఉంది. ఆమె సగంలో వదిలేసిన వెల్లుల్లి మడి నాటడం పూర్తయింది. చలి తగలకుండా దాని మీద ఎండుటాకులు మందంగా పరిచి ఉన్నాయి. అల్బిన్ తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం నిండా మంచు.

"అల్బిన్ గారూ," అంది. అతన్ని గారు అని పిలవడం అదే మొదలు. భుజం తట్టింది. చెక్కలా బిగుసుకుపోయి ఉంది.

అతని చేతి పక్కనే పార. ఆ నాసిరకం తాళానికి పారతో ఒక్క దెబ్బ చాలు. బొజేనా వంగి చూసింది. తాళం మీద చిన్న గీత కూడా లేదు.

నేనే చంపాను, అనుకుంది. తాళం తీసి, బొంత తెచ్చి అతని మీద కప్పింది.